రెండో పేజీ

ఆ మంగళవారం పొద్దున ఎనిమిది గంటలకు జగదీశన్ చేతిలో ఉన్నవి మూడు: సాంపిళ్ల బీరువా తాళంచెవి, మదురై డాక్టరు రెండు గంటలకు రమ్మని రాసిచ్చిన చీటీ, భార్య పేరు తన చేతిరాతతో ఉన్న గోధుమరంగు కవరు. కవరు ఖాళీ.

ఇరవై తొమ్మిదేళ్లుగా తన మాట నమ్మిన భార్య కూడా తనకు ఉందని అతను అనుకుంటున్నాడు. ఆ సరుకును మాత్రం అతను లెక్కలోకి తీసుకోలేదు. ఇంట్లో ఉన్నదాన్ని ఎవరు లెక్కపెడతారు?

కవరును తలకిందులు చేసి విదిలించాడు. అడుగున వేలు పెట్టి చూశాడు. అగ్గిపెట్టెలో సగమంత ఉండే మైనం బిళ్ల లేదు. దాని పక్కన నాలుగు మడతలు పెట్టిన కాగితమూ లేదు.

తమ ఊరు సత్రపట్టిలో నేయించిన కట్టుగుడ్డ ఏ ఆస్పత్రికి పంపినా, ఆ లాటులోంచి జానెడు ముక్క కత్తిరించి, ముద్ర వేసి, మూడేళ్లు దాచడం అతని తాతనాటి పద్ధతి. రేపు ఎవరైనా నీ గుడ్డ నాసిరకం అంటే, తీసి బల్ల మీద పెట్టడానికి. మూడేళ్ల కిందట పంకజవల్లి రొమ్ములో గడ్డ తీసిన ఆస్పత్రివాళ్లు, ఆ గడ్డ ముక్కను మైనంలో పోసి చేతికిచ్చినప్పుడు అతనికి ఇంకో చోటు తోచలేదు. కవరు మీద పేరు, తేదీ రాసి, లాట్ల మధ్య నిలబెట్టి తాళం వేశాడు.

రిపోర్టుకు రెండు పేజీలు. మొదటి పేజీ ఇంట్లో చూపించాడు. రెండో పేజీ బిళ్లతోపాటు కవరులో పెట్టాడు. సరుకు బాగున్న వైపు కొనేవాడికి చూపించాలి, మిగతాది మన కడుపులో పెట్టుకోవాలి. అదీ తాతనాటి పద్ధతే.

“ఏమిరా, పొద్దున్నే బీరువాతో కొట్లాట?” అంటూ బొమ్మక్క గడప దగ్గరికి వచ్చింది. అతని కన్నా పదేళ్లు పెద్ద. మొగుడు పోయినప్పటి నుంచి తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది.

“ఒక సాంపిల్ కనపడలేదక్కా.”

“ఒక సాంపిల్‌కా ఇంత చెమట? అక్కడ పంకజం చీర కట్టుకుని కూర్చున్నది. నడుము నొప్పితో ఎంతసేపు కూర్చుంటుంది? వాయువు పట్టిన మనిషి.”

వాయువు. ఆ మాట ఇంట్లో పెట్టింది అతనే. మూడు వారాల కిందట పంకజవల్లికి నడుము నొప్పి మొదలైంది. ఫోటో తీస్తే వెన్నుపూసలో నీడలాంటిది కనిపించింది. పోయిన గురువారం మదురైలో సూది గుచ్చి అక్కడి నుంచి ముక్క తీశారు. “వాయువుకు సూది” అని ఇంట్లో చెప్పాడు. ఆ ముక్క ఫలితం ఈరోజు చెబుతారు. పాత బిళ్ల కూడా తెమ్మన్నారు, పక్కపక్కన పెట్టి చూడటానికి.

“చెల్లప్పను పిలువక్కా.”

చెల్లప్ప గుడ్డ మడతపెట్టే షెడ్డు చూసుకునే మనిషి; బీరువా తాళంచెవి కూడా అతని దగ్గరే ఉండేది. పందొమ్మిదేళ్లుగా ఆ ఇంటి గుడ్డ అతని చేతి మీదుగా పోకుండా బయటికి పోలేదు. తువ్వాలు భుజం మీంచి తీసి చేత్తో పట్టుకుని యజమాని ముందు నిలబడ్డాడు.

“ఈ బీరువా ఎవరు తెరిచినారు చెల్లప్పా? నీ మీద సందేహం కాదు.”

“సందేహం కాదు అంటూనే, పందొమ్మిది ఏండ్లలో అడగని మాట అడుగుతున్నారే మొదలాళి.”

“సరి, తప్పే. ఎవరు తెరిచినారు?”

చెల్లప్ప లోపలి గుమ్మం వైపు ఒకసారి చూశాడు. “అమ్మగారు తాళంచెవి అడిగినారు. ఇచ్చినాను. పోయిన ఏడు ఆని నెలలో.”

పోయిన ఏడు ఆని, అంటే జూన్ ఆఖరు. జగదీశన్ వేళ్లు మడిచాడు. పద్నాలుగు నెలలు.

“నాకు చెప్పొద్దు అన్నదా?”

“లేదు మొదలాళి. మీరు అడిగితే చెప్పమన్నారు. మీరు అడగలేదు.”

జగదీశన్ ఖాళీ కవరును జేబులో పెట్టుకున్నాడు. బొమ్మక్క, “అమ్మాడి, ఏమేమో ఉన్నది ఇందులో,” అని గడప మీదే కూర్చుంది.

అతను లోపలికి పోలేదు. భార్య దగ్గరికి పోయే ముందు కాళ్ల కింద నేల ఎంత గట్టిగా ఉందో చూసుకోవాలనుకున్నాడు. కూతురిని పిలిచాడు. యువశ్రీ మదురైలో పరిశోధన చేస్తోంది. రొమ్ము క్యాన్సర్ ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎట్లా పాకుతుందో ఆమె చదువు. అమ్మకు తోడు రావడానికని నిన్న సాయంత్రమే వచ్చింది.

“యువా, బీరువాలో ఒక బిళ్ల ఉండేది.”

“ఆమా, ఉండేది నాయినా. అది మా ల్యాబులో ఉన్నది. నాలుగు పొరలు మాత్రం కోసినాము, మిగతాది అట్లే ఉన్నది. ఆస్పత్రికి పోయే దారే. తీసి ఇచ్చేస్తాను.”

అంత సులభంగా చెబుతుందని అతను అనుకోలేదు. కోపానికి చోటు వెతుక్కోవలసి వచ్చింది.

“నన్ను అడగకుండానా?”

“ఎవరి ముక్కో వాళ్లనే అడగాల. అమ్మ సంతకం పెట్టి ఇచ్చినాది.”

“సంతకమా?” అతని గొంతు తగ్గింది. “చదివి పెట్టిందా?”

“చదివి వినిపించాల, అది రూలు. నేనే తమిళంలో చదివినాను. మొదటి వరుసలోనే ఉన్నది కదా, రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లు అని. నేను చదువుతూ పోయినాను. అమ్మకు తెలుసు అనుకున్నాను నాయినా. ఇంట్లో వాళ్లకు తెలియదని నాకేమి తెలుసు? మీరు నాకు కూడా మొదటి పేజీనే చూపించినారు, మిగతాది ఆ కరెంటు వైద్యం చూసి నేనే తెలుసుకున్నాను.”

“అప్పుడు?”

“అమ్మ ఆ వరుస ఇంకొకసారి చదవమన్నాది. చదివినాను. పేనా అడిగినాది.”

బయట మిల్లు బస్సు హారను కొట్టుకుంటూ పోయింది.

“ఆ మిగతా లెక్క నేను చెప్తాను,” అంది వెనక నుంచి పంకజవల్లి.

ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని మెల్లగా వచ్చి, మడత బల్ల పక్కన ఉన్న కుర్చీలో కూర్చుంది. ఒళ్లో చేతిసంచి. బల్ల మీద కత్తిరించి పెట్టిన కట్టుగుడ్డ ముక్క ఒకటి తీసుకుంది. దాని అంచున పోగులు లేచి ఉన్నాయి.

“నేను పెండ్లి అయి వచ్చిన కొత్తలో మీ అమ్మ నాకు మొదట నేర్పింది ఏమి?”

అతను ఆమె చేతిలోని గుడ్డ వైపు చూశాడు.

“కోసిన అంచు లోపలికి మడవాల అని. ఎందుకు? లూజు పోగు ఒకటి పుండులో పడితే, ఎక్కడికో పోయి కూర్చుంటుంది. పైన కుట్లు మానినా లోపల మానదు.” మాట్లాడుతూనే ఆమె వేళ్లు గుడ్డను మడుస్తున్నాయి, ముందు ఈ అంచు, తర్వాత ఆ అంచు. “మన ఒంట్లో కూడా అంచు మడిచేవాళ్లు ఉన్నారంట. పేరు చెప్పు పాపా.”

“మైక్రో ఆర్‌ఎన్‌ఏ.”

“అదే. నాలో ఆ మడిచేవాళ్లు తక్కువంట.”

జగదీశన్ కూతురి వైపు తిరిగాడు. “ఇదేమి కథ?”

“కథ కాదు నాయినా. చాలా చిన్నవి. వాటికి పేర్లు ఉండవు, నంబర్లే. అమ్మ బిళ్లలో మేము చూసినాది రెండువందల నంబరు కుటుంబం.”

“నూలు కౌంటు నంబరు మాదిరా?” అనేశాడు. అడిగాక సిగ్గేసింది. ఇల్లు కాలుతుంటే వాసం కొలత అడిగినట్టుంది.

“అట్లే అనుకోండి. పక్కదాని చెయ్యి వదిలిపెట్టి పొమ్మని కణం లోపల ఉత్తరువులు పుడతాయి. ఇవి ఆ ఉత్తరువును చదవనీకుండా నొక్కి పెడతాయి. ఇవి తగ్గితే నొక్కేవాళ్లు లేరు. కణం చెయ్యి వదిలేస్తుంది, రక్తంలో పడి పోయి ఇంకొకచోట దిగుతుంది. ఎముకలోనో, ఊపిరితిత్తిలోనో. పొడుగు ఆర్‌ఎన్‌ఏ అయితే మైనంలో ఏండ్ల తరబడి ఉంటే తునిగిపోతాది. ఇవి చిన్నవి కాబట్టి చెడవు. మీరు తాళం వేసి దాచినాది అట్లే ఉన్నది నాయినా.”

“ఇది ఎప్పుడు తెలిసినాది?”

“పోయిన ఏడు దీపావళికి ముందు.”

“దీపావళికి ముందు!” బల్ల మీద చేత్తో కొట్టాడు. “దీపావళికి నువ్వు వచ్చినావు. నా పక్కన కూర్చుని తిన్నావు. నాకు ఒక మాట చెప్పలేదు.”

“చెప్పరాదు అని రూలు. ఇది ఇంకా పరీక్ష కాదు, పరిశోధన. నూటరెండు బిళ్లల్లో ఇది ఒకటి. ఇవి తక్కువ ఉన్న అందరికీ పాకాలని లేదు. బిళ్ల మీద పేరు ఉండదు, నంబరే ఉంటుంది.” ఆమె తల్లి వైపు తిరిగింది. “కానీ ఆ నంబరు వేసినాది నేనే. అమ్మ అడిగినాది. దాచడం నావల్ల కాలేదు.”

“రూలు మీరి అమ్మకు చెప్పినావు. నాకు మాత్రం రూలు.”

“నేనే వద్దన్నాను,” అంది పంకజవల్లి.

బొమ్మక్క గడప మీంచి లేచి వచ్చింది. ఇంతసేపు విన్నదాంట్లో ఆమెకు చేరింది ఒకే మాట. “క్యాన్సరా? పంకజానికా? రేయ్ జగదీశా, నాకు వాయువని చెప్పి కషాయం కాయించినావే!”

“అక్కా, కొంచెం ఇరు, ఆగు.”

“ఏమి ఇరు? అయితే ఇదంతా తెలిసి, దీనికని వైద్యం చేయించుకోకుండానా నువ్వు శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ గుడికని పోయి పోయి వచ్చినావు పంకజం?”

“నేను శ్రీవిల్లిపుత్తూరు పోలేదు వదినా. మూడు నెలలకు ఒక తూరి మదురై పోయినాను, వేరే డాక్టరమ్మ దగ్గరికి. పాప కూడా వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సు అక్కడ ఆగుతుంది కదా. పాల్కోవా కొన్నాను.”

“అయ్యో, ఆండాళ్ ప్రసాదమని కండ్లకు అద్దుకుని తిన్నానే!”

ఇంకొక రోజైతే అందరూ నవ్వేవారు. జగదీశన్ నాలుక మీద ఆ తీపి గుర్తుకొచ్చింది. అతనూ తిన్నాడు. నాలుగు తూర్లు. ఒకసారి ఇంకో ముక్క అడిగి మరీ తిన్నాడు. మార్కెట్టులో తనకు అబద్ధం అంటగట్టినవాడు ఇంతవరకు లేడు. సొంత ఇంట్లో ఆకు దొన్నెలో పెట్టి ఇచ్చారు.

“నన్ను వెర్రివాణ్ణి చేసినారు,” అన్నాడు. “ఇద్దరూ కలిసి. నా బీరువా, నా తాళంచెవి, నా మనిషి చెల్లప్ప. అందరికీ తెలుసు. నేను ఒక్కడినే ఈ ఇంట్లో పరాయివాడు.”

“పరాయివాడు ఎట్లా ఉంటాడో ఒక సంవత్సరం చూసినారు,” అంది పంకజవల్లి. గొంతు పెంచలేదు. “నేను అంతకు ముందు రెండేండ్లు చూసినాను. నాకు తెలియకుండానే.”

“నీ మంచికి చేసినాను! మీ అమ్మకు రోగం పేరు చెప్పినారు. ఏమైనాది? ఇరవై రెండు దినాలు అన్నం ముట్టలేదు. గోడ తట్టు తిరిగి పండుకున్నాది, అట్లే పోయినాది. నేను కండ్లారా చూసినాను పంకజం. నిన్ను అట్లా చూడటం నావల్ల కాదు.”

“మా అమ్మ లాటు వేరు, నా లాటు వేరు. ఒక లాటు సాంపిల్ చూసి ఇంకొక లాటుకు ధర కట్టే యాపారి కాదే మీరు?”

ఆ మాట అతనిదే. కొత్తగా వచ్చిన ప్రతి ఏజెంటుకూ అతను చెప్పే మాట.

“ఆపరేషన్ అయినాక కరెంటు పెట్టే గదిలో నా చుట్టూ అందరూ జుట్టు లేనివాళ్లే. నేను కార్లో మిమ్మల్ని అడిగినాను. నాకు అదేనా అని. మీరు ఏమన్నారు? కాదు, ముందు జాగ్రత్తకు అన్నారు. నా తల మీద చెయ్యి పెట్టి సత్తియం చేసినారు. నేను నమ్మినాను. కండ్లతో చూసినాది నమ్మలేదు, మిమ్మల్ని నమ్మినాను.” మడిచిన గుడ్డను బల్ల మీద పెట్టింది. “రోజూ ఇచ్చే ఆ మాత్తరలు ఎందుకు అంటే?”

జగదీశన్ నేల చూశాడు.

“చెప్పండి. ఏమన్నారు?”

“రక్తం పట్టడానికి.”

“పేరు కనపడకుండా వేరే డబ్బాలో పోసి ఇచ్చినారు. అవి వేసుకుంటే ఒళ్లంతా మంట, చెమట. రక్తం పట్టడానికి నాకు మునగాకు చాలదా అనుకున్నాను. మానేసినాను.”

“మానేసినావా?” అతను తల ఎత్తాడు. “ఎప్పుడు?”

“మొదటి సంవత్సరం పోయినాక. సంతకం పెట్టిన దినం దాకా. ఎనిమిది నెలలు.”

“ఎనిమిది నెలలా! నాకు ఒక మాట చెప్పి ఉండొచ్చు కదా!”

“రక్తం పట్టే మాత్తర మానేస్తే ఎవరికి చెప్పాల?”

షెడ్డులో ఎవరో తగ్గించి పెట్టిన రేడియో ఆగిపోయింది. చెల్లప్ప ఆపి ఉంటాడు.

జగదీశన్ కూతురి ముఖంలో వెతికాడు. “యువా. ఆ ఎనిమిది నెలల వల్లనేనా? ఆ నీడ?”

“అట్లా అని ఎవరూ చెప్పలేరు నాయినా. అది అదేనో కాదో కూడా ఇంకా తెలియదు.”

“కాదని చెప్పగలరా? మాత్తరల వల్ల కాదని?”

తండ్రికి అబద్ధం చెప్పడం యువశ్రీకి ఆ నిమిషం సులభమే. “అదీ చెప్పలేరు,” అంది.

“తెలిసినాక ఒక్క తూరి కూడా మానలేదు,” అంది పంకజవల్లి. “మీరు నీళ్ల లోటాతో వచ్చి ఇస్తారు కదా. ప్రతి తూరి మీ మొగం చూసినాను. ఈరోజు చెప్తారు, ఈరోజు కాదు రేపు చెప్తారు అని. పద్నాలుగు నెలలు ఎదురు చూసినాను. పోయిన గురువారం వెన్నులో సూది గుచ్చేముందు కూడా చూసినాను. వాయువుకు సూది అన్నారు.”

ఆమె లేచింది. లేవడానికి బల్ల పట్టుకోవలసి వచ్చింది. అతను చెయ్యి అందించాడు. ఆమె కూతురి భుజం పట్టుకుంది.

“పోదాము. పొద్దు అవుతుంది. ఒకటే మాట. డాక్టరు గదిలోకి నేను పోతాను. పాప నాతో వస్తుంది. మీరు బయట కూర్చోండి.”

“పంకజం...”

“ముందు రెండు తూర్లు మీరు లోపల, నేను బయట. ఇప్పుడు నేను.”

ఎప్పుడూ ముందు సీటులో కూర్చునే మనిషి, వెనక కూతురి పక్కన కూర్చుంది. జగదీశన్ కారు నడిపాడు. శ్రీవిల్లిపుత్తూరులో పాల్కోవా కొట్ల దగ్గర వేగం తగ్గించి, అద్దంలోంచి ఆమెను చూశాడు.

“కొనాలా?”

“వద్దు. ఇంక దాని అవసరం లేదు.”

యువశ్రీ ల్యాబు ముందు దిగి, పది నిమిషాల్లో చిన్న పెట్టెతో వచ్చింది. దాన్ని తండ్రి చేతికి ఇవ్వలేదు. అమ్మ ఒళ్లో పెట్టింది.

ఆస్పత్రిలో రెండుంపావుకు పేరు పిలిచారు. చీటీ అతని చేతిలో ఉంది. నర్సు తీసుకుని, “కూడా వచ్చేది ఎవరు?” అని తమిళంలో అడిగింది. అతను నోరు తెరిచేలోపే, “నా కూతురు,” అంది పంకజవల్లి. తలుపు మూసుకుంది.

అతను బల్ల మీద కూర్చున్నాడు. మూడేళ్ల కిందట ఆమె కూర్చున్నది ఇదే వరుసలో. ఆ రోజు తాను లోపల డాక్టరును బతిమాలుకున్నాడు, ఆమెకు చెప్పొద్దని. తలుపు ఇవతల ఒక మనిషి కూర్చుని ఉంటుందని, ఆ మనిషికి గోడ మీద గడియారం ముల్లు కూడా వినబడుతుందని అతనికి తోచలేదు. పక్కన ఒక ముసలాయన మునివేళ్లతో మోకాలి మీద తాళం వేస్తున్నాడు. లోపల నుంచి మాటలు కలగాపులగంగా వస్తున్నాయి. ఒకసారి పంకజవల్లి గొంతు ఏదో అడిగింది. డాక్టరు గొంతు చాలాసేపు చెప్పింది. తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

నలభై నిమిషాలు. గుడ్డ బేరాల్లో ఎదుటివాడి ముఖం చూసి ఎన్ని బేళ్లు మిగిలాయో చెప్పగలవాడు. తలుపు తెరుచుకుంటే ముఖం చూసి చెప్పేస్తాననుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. పంకజవల్లి ముఖంలో ఏమీ లేదు. మూడేళ్ల కిందట ఇదే తలుపు తీసుకుని వచ్చినప్పుడు తన ముఖం ఇట్లాగే ఉండి ఉంటుంది.

లేచి నిలబడ్డాడు. “ఏమన్నారు?”

ఆమె చేతిలో పిన్ను కొట్టిన రెండు కాగితాలున్నాయి. నిదానంగా పిన్ను తీసింది. మొదటి కాగితం అతనికి ఇచ్చింది. రెండోదాన్ని నాలుగు మడతలు పెట్టి, చేతిసంచి తెరిచి, అక్కడ ముందే ఉన్న పాత మడత కాగితం పక్కన దోపింది.

“ఏమీ లేదు,” అంది. “రక్తం పట్టడానికి మాత్తరలు రాసినారు.”

అతను కూతురి వైపు చూశాడు. యువశ్రీ కళ్లు ఎర్రగా ఉన్నాయి. అవి ఏడ్చిన కళ్లో, నిద్రలేని కళ్లో, అమ్మకు ఏమీ లేదని తెలిసి కరిగిన కళ్లో అతనికి తెలియలేదు. ఆమె గోడ మీది చార్టు చదువుతున్నట్టు తల తిప్పుకుంది.

“పంకజం, నా తల మీద చెయ్యి పెట్టి చెప్పు.”

“పెట్టమంటారా?” అంది ఆమె, చెయ్యి ఎత్తింది కూడా.

అతనే వెనక్కి తగ్గాడు.

తల్లీ కూతుళ్లు మెట్ల వైపు నడిచారు. జగదీశన్ చేతిలో కాగితం చూసుకున్నాడు. పంకజవల్లి, వయసు యాభై ఒకటి. వెన్నుపూస నుంచి తీసిన ముక్క, పొడుగు ఇంత, రంగు ఇది. అన్నిటికన్నా కింద: ఫలితం తరువాతి పేజీలో.

వెనక్కి తిప్పాడు. తెల్లగా ఉంది.

పొద్దున చేతిలో ఉన్నవాటిలో చీటీ డాక్టరుకు పోయింది. తాళంచెవి ఉంది, బీరువాలో దాచింది లేదు. జేబులోంచి కవరు తీసి, ఆ ఒక్క పేజీని అందులో పెట్టాడు. పొద్దున ఖాళీగా బయలుదేరిన కవరు నిండింది. ఆ రోజుకు అతనికి గిట్టింది అంతే.

కింద కారు తలుపు వేసిన చప్పుడు వినిపించింది. వెనక తలుపో, ముందు తలుపో పైనుంచి తెలియలేదు.